జంటలమ్మ కట్టిన నలుగురి వరస

ఒక్కరంటే ఒక్కరైనా అడిగారా? ఇంతమంది ఉన్నారు, ఇన్ని నోళ్ళున్నాయి. లేచింది మొదలు ఆ టీవీ ముందు చేరి ఎవడెవడో గోలు కొట్టాడని ఇల్లెగరగొడతారు. ఏ ఆటగాడు ఏ కాలితో తంతాడో మీకు కంఠతా వచ్చు. కానీ ఆ గోడ మీద ఫోటోలో, ఫోటో తీసేవాణ్ణి కూడా "సరిగ్గా నిలబడు" అని గదమాయిస్తున్నట్టు చూస్తోందే, ఆ కళ్ళద్దాలావిడ ఎవరని ఏనాడైనా అడిగారా? మొన్న ఒకడు ఎవరితోనో చెబుతున్నాడు, "ఎవరో చుట్టాలావిడ" అని. చుట్టాలావిడట! మీ చిన్నమ్మమ్మరా ఆవిడ. ఆదివారం వస్తోందంటే ఏడుగురు మీసాలున్న మగాళ్ళు ఆవిడ గొంతు తలుచుకుని గుటకలు మింగేవాళ్ళు. ఇప్పుడైనా వినండి. మధ్యలో ఎవరైనా ఫోను తీశారో, కథ అక్కడితో బంద్.

ఆవిడ పని పెద్దాస్పత్రి లాండ్రీలో. ముప్పై ఏళ్ళకి పైమాటే. ఆస్పత్రి అంటే మీకు డాక్టర్లు గుర్తొస్తారు, సూదులు గుర్తొస్తాయి, దుప్పట్లు మాత్రం ఒక్కరికీ గుర్తురావు. రోజుకి పన్నెండు వందల దుప్పట్లు ఆ గదిలోకి వచ్చేవి. ఉతికి, పిండి, వేడి రోలరు కిందుగా ఇవతలికి వచ్చేసరికి కొత్త కాగితంలా పెళపెళలాడుతుండేవి. వాటిని మడతపెట్టడం ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. చెరి రెండు కొసలూ పట్టుకుని, దులిపి, బిగలాగి, ఒకరికెదురుగా ఒకరు నడిచి కొసలు కలపాలి. గదేమో ఇరుకు. ఆరు జంటలు పక్కపక్కనే. ఒక జంట ముందు కదిలిందా, పక్కవాళ్ళ మోచేయి తగిలి దుప్పటి నేలమీద పడుతుంది. నేల తాకిన దుప్పటి మళ్ళీ మొదటికి పోవాలి. అందుకని గోడ వారగా ఒకావిడ నిలబడి "అడుగు!" అని కేకేసేది. ఆ కేకకి పన్నెండుమందీ ఒక్క కాలిలా కదలాలి. ఆ కేక మీ చిన్నమ్మమ్మది.

కేక ఒక్కటే కాదు, ఎవరికి ఎవరు జంటో చూసిపెట్టేదీ ఆవిడే. అందుకే లాండ్రీ మొత్తం ఆవిణ్ణి జంటలమ్మ అనేవాళ్ళు. కొత్త మనిషి పనిలో చేరితే పేరైనా అడిగేది కాదు, ముందు "నడు" అనేది. గోడ నుంచి గోడకి నడిపించి చూసేది. ఎత్తు చూసేది, చెయ్యి ఎంత చాస్తుందో చూసేది. అన్నిటికన్నా ముఖ్యంగా, నడుస్తూ నడుస్తూ పక్కమనిషి వంక ఓ కన్నేస్తుందా లేదా అని చూసేది. చురుకైనవాళ్ళంటే ఆవిడకి గిట్టేది కాదు. "చురుకెవరిక్కావాలే తల్లీ? ఇద్దరూ ఒక్కలాంటి నత్తలైతే చాలు, కొస కలుస్తుంది" అనేది.

ఇంకొక పద్ధతి ఉండేది ఆవిడకి. అది చూస్తే సూపర్‌వైజరు జుట్టు పీక్కునేవాడు. జంటలో ఒకరు సెలవు పెడితే, మిగిలినావిడకి ఇంకొకరిని తెచ్చి అతికించేది కాదు. మిగిలినావిణ్ణి దిండు గలీబుల దగ్గరికి ఒంటరి పనికి పంపేసి, ఆ చోటులో మొత్తం వేరే జంటనే దింపేది.

"ఏమ్మా, అంత మంచి చెయ్యిని తీసుకెళ్ళి గలీబుల్లో పడేస్తావేంటి?" అని మొత్తుకునేవాడు ఆయన.

"చెయ్యి మంచిదేనండీ. కానీ నాలుగేళ్ళుగా అది ఒక్క మనిషి అడుగుకే అలవాటుపడింది. ఇంకొకరికి అతికిస్తే మంచి చెయ్యి మందగిస్తుంది, కొత్త చెయ్యి బెదురుతుంది. మీకు ఒక చెయ్యి కావాలా, రెండూ పోగొట్టుకోవాలా?"

ఆయన గోడకి చెప్పుకున్నట్టే. ఆవిడది ఉడుంపట్టు.

అలాంటి మనిషి, యాభై ఏడో ఏట, సబ్బునీళ్ళ మీద కాలు జారి పడింది. మోకాలి చిప్ప రెండు ముక్కలు. తొడ దాకా కట్టు, మూడు నెలలు కదలకూడదన్నారు. మొగుడు ఏనాడో పోయాడు. ఉన్నది ఒక్కగానొక్క కూతురు. కూతురూ అల్లుడూ వచ్చి తీసుకెళ్ళి వాళ్ళింట్లో ముందుగదిలో సోఫా మీద కూర్చోబెట్టి, కాలికింద బల్ల వేశారు. అక్కడే వచ్చింది చిక్కు. ఆ సోఫా అల్లుడి సింహాసనం. దాని ఎదురుగా ఉన్న టీవీ అతని ప్రాణం.

అల్లుడంటే మీకు బాబాయే. అప్పుడు గాజు పలకల షాపులో పని. కిటికీలకీ అద్దాలకీ గాజు కోసే చోటు. మనిషి మంచివాడే, ఒకరికి చెడు చేసేవాడు కాదు. కానీ ఆ వీడియో గేమ్ దగ్గర మాత్రం ఒళ్ళు తెలిసేది కాదు. షాపులో ఎనిమిదిమంది కలిసి ఒక లీగ్ పెట్టుకున్నారు. గేమ్‌లో ఎవరికి వారికి ఒక ఫుట్‌బాల్ జట్టు. ఆదివారం మధ్యాహ్నం ఎవరింట్లో వాళ్ళు కూర్చుని ఒకరితో ఒకరు ఆడతారు. షాపులో టీ తాగే గదిలో రూల్స్ కాగితం అతికించి ఉండేది. ఏడాదికి నలుగురంటే నలుగుర్నే కొత్త ఆటగాళ్ళని చేర్చుకోవాలి. ఏడాది చివర ఆఖరున నిలిచినవాడు లీగ్ నుంచి బయటికి. వాడి చోటూ, వాడి జట్టూ రెండూ వెయిటింగ్‌లో ఉన్నవాడికి. ఆ వెయిటింగ్‌లో ఉన్నవాడు షాపు డ్రైవరు. అల్లుడు వరసగా రెండేళ్ళు ఏడో స్థానం. ఆ ఏడు ఎనిమిదో స్థానం. ఏడాది చివర దగ్గరపడుతోంది. డ్రైవరు అప్పుడే షాపులో అల్లుణ్ణి చూసినప్పుడల్లా, "అన్నా, నీ జట్టుకి రంగేం వేద్దాం? నీలం నాకు నచ్చదు" అని సలహాలడుగుతున్నాడు. మనిషికి అన్నం సయించేది కాదు. నవ్వకండి. మీకూ అంతే, మీ చోటు ఇంకొకడు చూసుకుంటుంటే తెలుస్తుంది.

మొదటి ఆదివారం ఆవిడ నోరెత్తలేదు. ఆట అంటే ఏంటో తెలియదు కదా. రెండో ఆదివారం అల్లుడు నాలుగు గోల్స్ తిని గేమ్ రిమోట్‌ని సోఫా మీద పడేశాడు. అప్పుడంది.

"బాబూ, వెనకాల నిలబడ్డ ఆ నలుగురూ ఎవరు?"

"డిఫెన్స్ అత్తయ్యగారూ. అవతలివాళ్ళు గోలు కొట్టకుండా ఆపేవాళ్ళు."

"ఆపుతున్నట్టు లేదే."

అల్లుడు పళ్ళు బిగించాడు. "అవతలివాళ్ళకి స్పీడెక్కువండీ."

"స్పీడు కాదు. ఆ పచ్చజుట్టువాడున్నాడే, వాడొక్కడే పిచ్చికుక్క తరిమినట్టు ముందుకి పోతున్నాడు. మిగతా ముగ్గురూ నిలబడి చూస్తున్నారు. ఒక కొస వదిలేసిన దుప్పటిలా ఉంది."

ఆ పచ్చజుట్టువాడు అల్లుడి ముద్దుబిడ్డ. పేరు పెట్టుకున్నాడు కూడా, పులి అని. ఆ గేమ్‌లో ప్రతివాడికీ అంకెలుంటాయి, పరుగుకి ఇంత, బలానికి ఇంత అని. పులికి పరుగు తొంభై నాలుగు. అల్లుడు ఏడాది మొదట్లో వాణ్ణి చేర్చుకున్నప్పుడు షాపులో అందరికీ టీ పోయించాడు. అలాంటివాణ్ణి పట్టుకుని కుక్క తరిమినట్టు అంటే ఊరుకుంటాడా? ఊరుకోలేదు. అత్తగారు కాబట్టి ఒక వారం ఊరుకున్నాడు. ఆవిడ ఊరుకుంటేగా! అల్లుడు ఎప్పుడు గేమ్ పెట్టినా వెనకనుంచి "కొస వదిలేశాడు", "అదుగో మళ్ళీ", "చూడడే, పక్కకి చూడడే" అని సణుగుడు. ఆ ముక్కుసణుగుడు వింటే తలప్రాణం తోకకొస్తుంది, ఎవరికైనా. చివరికి ఒంటికాలి మీద లేచాడు.

"అయితే మీరే ఎంచండి! నలుగురిలో ఇంకా ఒక్కణ్ణే తీసుకున్నాను, ముగ్గురికి చోటుంది. ముగ్గుర్నీ మీరే ఎంచి చూపించండి!"

ఉక్రోషానికి అన్నమాట అది. కానీ గుమ్మంలో కూతురు నిలబడి ఉంది. "విన్నాను. ఎంచమన్నారు. ఇంక మాట తప్పితే బాగుండదు" అంది. ఆ పిల్లకి రెండు వారాలుగా ఆ ఇద్దరి గోల విని చెవులు చిల్లులు పడ్డాయి మరి.

అలా జంటలమ్మ పనిలో దిగింది. ఎలా దిగిందనుకున్నారు? అంకెలు చూసి కాదు. ఆ అంకెలన్నీ అడ్డంగా ఉన్నాయి, తీసెయ్యమంది. "నడిపించండి" అంది.

"ఎవర్ని అత్తయ్యగారూ?"

"వాణ్ణి. ఆ తర్వాతవాణ్ణి. అందర్నీ."

గేమ్‌లో ప్రాక్టీసు మైదానం ఒకటుంటుంది. కావలసిన ఆటగాణ్ణి అందులో దింపి ఆడించి చూడొచ్చు. అల్లుడు పని నుంచి వచ్చి, చొక్కా అయినా మార్చుకోకుండా, రోజుకి ఎనిమిదిమందిని, పదిమందిని నడిపించాల్సి వచ్చింది. ఇదీ చాలక, ఆవిడ కూతురి కుట్టు డబ్బాలోంచి ఎర్రదారం తీయించి, టీవీ మీద పైనుంచి కిందికి బిగదీసి, రెండు చివర్లా కట్టుకి వాడే అంటుపట్టీ అతికించమంది.

అల్లుడు నెత్తి పట్టుకున్నాడు. "కొత్త టీవీ అండీ!"

"దారమేగా, మేకు కాదుగా. లాండ్రీలో నేలమీద సుద్దగీత ఉంటుంది మాకు. గీత లేకపోతే ఎవరు ముందో ఎవరు వెనకో ఎలా తెలుస్తుంది?"

ఆ ఎర్రదారం పక్కన ఆటగాళ్ళని నిలబెట్టి, పరిగెత్తించి, ఆపి, వెనక్కి రప్పించి చూసింది. తొంభై పరుగున్నవాళ్ళని చెయ్యి ఊపి పంపేసింది. ఎనభైవాళ్ళని పంపేసింది. నాలుగోరోజు ఒక బోడిగుండువాడి దగ్గర ఆగింది. పరుగు అరవై రెండు. అల్లుడు ఏడ్చినంత పనిచేశాడు.

"ఈ బోడిగుండా? వీణ్ణి ఎవరూ తీసుకోరండీ. వీడు పరిగెడితే గడ్డి మొలుస్తుంది."

"మొలవనీ. చూడండి వాడి తల. రెండడుగులకోసారి పక్కకి తిప్పుతాడు."

నిజమే, తిప్పుతాడు. ఆ గేమ్ చేసినవాళ్ళు ఎందుకు అలా చేశారో గానీ, కొందరు ఆటగాళ్ళు పక్కవాళ్ళ వంక చూస్తూ ఆడతారు, కొందరు బంతి వంక తప్ప చూడరు. అల్లుడు ఐదేళ్ళుగా ఆడుతున్నాడు, ఏనాడూ గమనించలేదు. బోడిగుండుకి జంటగా ఒక పొడుగోణ్ణి ఎంచింది, వాడి పరుగు అరవై ఒకటి. కుడిపక్కకి ఒక చెవిపోగువాణ్ణి, అరవై మూడు. ఎడమపక్కకి అల్లుడి జట్టులోనే బెంచీ మీద పడివున్న ఒక తెల్లబూట్లవాణ్ణి లేపింది. ఎవరూ అడగని ఆటగాళ్ళు నలుగురు. పులిని బెంచీ మీద కూర్చోబెట్టింది.

"పులిని బెంచీ మీద!" అన్నాడు అల్లుడు, పాపం.

"కూర్చుంటే పులికేం నష్టం లేదు. నిలబడితే మీకు నష్టం."

ఇప్పుడు ఇది బుర్రకెక్కించుకోండి. ఫుట్‌బాల్‌లో ఒక నియమం ఉంది. అవతలివాడు మన ఆఖరి కాపలావాణ్ణి దాటి ముందే నిలబడి ఉండగా వాడికి బంతి అందిస్తే, అది చెల్లదు. జెండా లేపుతారు. ఆఫ్‌సైడ్ అంటారు. కాబట్టి అవతలివాడు బంతి తన్నే క్షణానికి సరిగ్గా మన నలుగురూ ఒక్కసారి ముందుకి ఒక అడుగేస్తే, వాళ్ళవాడు తనంతట తనే వెనక చిక్కిపోతాడు. నలుగురూ కలిసి వెయ్యాలి. ముగ్గురు వేసి ఒకడు ఆగిపోతే నట్టేట మునిగినట్టే. రిమోట్ మీద దానికో బొత్తాముంది. రెండుసార్లు నొక్కితే నలుగురూ కదులుతారు. అల్లుడికి ఆ బొత్తాం తెలుసు. కానీ ఎప్పుడు నొక్కాలో తెలియదు, పైగా పులి ఎప్పుడూ వరసలో ఉండేవాడు కాదు. అత్తగారికి బొత్తాం తెలియదు. కానీ ఎప్పుడో తెలుసు. ముప్పై ఏళ్ళు గోడవారగా నిలబడి చూసింది అదేగా!

అప్పటికి లీగ్‌లో మిగిలినవి ఆరే ఆటలు. వాటిలో మొదటిది ఓడిపోయారు. ఆవిడ "అడుగు!" అంటే ఈయన ఉలిక్కిపడి, ఆ తర్వాత నొక్కేవాడు. అప్పటికి బంతి గోలులో ఉండేది.

"నా గొంతు వినగానే నొక్కాలి బాబూ. ఆలోచించకూడదు."

"ఆలోచించకుండా ఎలాగండీ?"

"ఇన్నాళ్ళూ ఆలోచించే ఆడారా?"

కూతురు వంటింట్లోకి పారిపోయి కొంగు నోట్లో కుక్కుకుంది.

కానీ రెండో ఆట నుంచి కుదిరింది. "అడుగు!" టక్. జెండా. "అడుగు!" టక్. జెండా. సున్నా, సున్నా. మూడో ఆట, సున్నా సున్నా. నాలుగో ఆట కూడా అంతే. మన వాళ్ళు గోలు కొట్టేవాళ్ళూ కాదు, తినేవాళ్ళూ కాదు. అవతలింట్లోంచి ఫోను స్పీకర్లో తిట్లు వినబడేవి.

"ఏంట్రా ఇది, ఆటా? దుప్పటి మడతా? నలభై నిమిషాల్లో పదిహేను జెండాలు! మా ఆవిడ టీవీ పాడైందనుకుంటోంది!"

గాజు కోసే పెద్దమేస్త్రీ అయితే, "తమ్ముడూ, మీ అత్తగారికి కాలెప్పుడు నయమవుతుంది? మేమందరం మొక్కుకుంటున్నాం" అనేవాడు. ఆవిడ సోఫా మీంచే ఫోన్లోకి, "నా కాలికేం కంగారు లేదు నాయనా, మీ కాళ్ళు ముందుకి పడుతున్నాయేమో చూసుకో" అనేది.

ఒక్కో డ్రాకి ఒక్కో పాయింటు. ఎనిమిదో స్థానం నుంచి ఏడుకి పాకారు. ఐదో ఆటలోనూ సున్నా సున్నానే. కానీ ఆ ఆట చివర్లో బోడిగుండు ఎవణ్ణో పడదోసి ఎర్రకార్డు తెచ్చుకున్నాడు. అంటే ఆఖరి ఆటకి వాడు లేడు. ఆఖరి ఆట పెద్దమేస్త్రీతో. డ్రా చేసుకుంటే చాలు, చోటు నిలుస్తుంది. ఓడితే డ్రైవరు.

ఆ వారమంతా ఇల్లు ఇల్లులా లేదు. అల్లుడి లెక్క ప్రకారం ఇది చిన్న విషయం. బోడిగుండు లేడు, వాడి చోట్లో పులి. పొడుగోడి పక్కన పులి. అయిపోయింది. అత్తగారు తలాడించలేదు.

"పొడుగోణ్ణి కూడా తీసెయ్యండి."

అల్లుడికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక అరికాలి మంట నెత్తికెక్కింది. "పొడుగోడు కెప్టెనండీ! ఉన్నవాళ్ళలో మంచివాడు వాడొక్కడే!"

"మంచివాడే. వాడికి బోడిగుండు పక్కన నడవడం వచ్చు. ఇంకొకడి పక్కన రాదు. ఇద్దర్నీ కలిపి తీసి, ఇద్దర్నీ కలిపి పెట్టాలి. బెంచీ మీద ఆ తాతలున్నారుగా."

తాతలంటే ఆ జట్టులో పాతకాపులిద్దరు. ఒకడికి ముప్పై ఐదు, ఇంకొకడికి ముప్పై ఆరు. ఆ గేమ్‌లో ఆ వయసు అంటే చేతికర్ర వయసు. ఇద్దరికీ తెల్లజుట్టు. నాలుగేళ్ళుగా పక్కపక్కన బెంచీ మీదే ఉన్నారు. పరుగు యాభై ఐదు, యాభై నాలుగు.

"అత్తయ్యగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను..."

"ఒక కాలికే కట్టుంది, రెండోది పట్టుకోండి. తాతలు."

కూతురు కూడా అంది, "అమ్మా, ఈ ఒక్కసారికి ఆయన మాట వినకూడదూ? ఆయన చోటది" అని. ఆవిడ కొండెక్కి కూర్చుంది. చెప్పొద్దూ, ఆవిడ మొండితనం చూస్తే మనకే చెంప పగలగొట్టాలనిపిస్తుంది. చెప్పే తీరు ఒకటి ఉంటుంది కదా! నెమ్మదిగా కూర్చోబెట్టి, నాయనా ఇందుకు, అని విడమరిచి చెబితే ఆ మనిషి వినేవాడేమో. ముప్పై ఏళ్ళు కేకలేసి పని చేయించిన నోరు, దానికి విడమరచడం ఎక్కడొస్తుంది?

ఆదివారం వచ్చింది. అల్లుడు బుద్ధిమంతుడిలా, "సరే అత్తయ్యగారూ, మీరన్నట్టే. తాతలిద్దరే" అన్నాడు. జట్టు మైదానంలోకి దిగింది. ఎర్రదారం పక్కన నలుగురూ నిలబడ్డారు. చెవిపోగువాడు, తెల్లబూట్లవాడు, మధ్యలో తెల్లజుట్టుతో ఇద్దరు. ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుని సర్దుకుంది.

ఫోన్లో మేస్త్రీ నవ్వాడు. "తమ్ముడూ, ఆస్పత్రి నుంచి దుప్పట్లతో పాటు పేషెంట్లని కూడా తెచ్చావా?"

ఆట మొదలైంది. "అడుగు!" టక్. జెండా. బాగానే ఉంది. "అడుగు!" టక్. జెండా. మూడోసారి "అడుగు!" అంది, ఈయన నొక్కాడు, ముగ్గురు ముందుకేశారు. నాలుగోవాడు, రెండో తాత, బాణంలా బంతి మీదికి దూకి, దాటిపోయి, అడ్డం తిరిగి ఎటో పోయాడు. వెనక ఖాళీ. గోలు.

ఆవిడ ముందుకి వంగింది. టీవీ వంక కాదు, ఆ ఒక్కడి వంక చూస్తోంది. మళ్ళీ బంతి వచ్చింది. ఆ తాత మళ్ళీ దూకాడు, తల తిప్పకుండా.

"బాబూ."

"ఊఁ."

"ఆ తాత వయసెంతన్నారు?"

"ముప్పై... ముప్పై ఆరండీ."

"అంత పరుగు ఎక్కడిది వాడికి?"

అల్లుడి చెవులు ఎర్రబడ్డాయి.

"వాడు పక్కకి చూడడే. వాడి తల నాకు తెలుసు. పులికి తెల్లజుట్టు పెట్టారా అల్లుడుగారూ?"

పెట్టాడు! శనివారమంతా కూర్చుని అదే పని చేశాడు. ఆ గేమ్‌లో ఆటగాడి జుట్టూ మొహమూ మార్చుకునే వీలుంది. పులి పచ్చజుట్టు తీసి తెల్లజుట్టు అతికించి, నుదుటి మీద ముడతలు గీసి, రెండో తాత నంబరు చొక్కా తొడిగాడు. ఒక తాత అసలువాడు, ఒక తాత పులి. అత్తగారికి మాట దక్కుతుంది, తనకి తొంభై నాలుగు పరుగు దక్కుతుంది అనుకున్నాడు. ముప్పై నాలుగేళ్ళ మగాడు! బొమ్మకి ముడతలు గీశాడు!

ఆవిడ అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. మూతి ముడుచుకుని, కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఇంక "అడుగు" అనలేదు. అల్లుడు తనంతట తను నొక్కుకుంటూ పోయాడు. ఒకసారి ముందు, ఒకసారి ఆలస్యం. రెండో గోలు పడింది. సగం ఆట అయిపోయింది.

కూతురు వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. "ఇద్దరూ ఇద్దరే. మీరు దొంగతనం చేశారు, సరే. నువ్వు నోరు మూసుకుని కూర్చుంటే ఎవరికి లాభమే? ఓడేది ఈయనొక్కరే. షాపులో రేపు మొహం చూపించాల్సింది ఈయన."

అల్లుడు రిమోట్ ఒళ్ళో పెట్టుకుని, నేల చూస్తూ, "తప్పయింది అత్తయ్యగారూ" అన్నాడు. "నాకు నమ్మకం చాల్లేదు. మీ మీద కాదు, తాతల మీద."

ఆవిడ ఒళ్ళోంచి కళ్ళద్దాలు తీసుకుంది. "జుట్టు సంగతి తర్వాత. ముందు పులిని తీసేసి, అసలు రెండో తాతని లేపండి" అని కళ్ళద్దాలు పెట్టుకుంది.

రెండో సగం మీరు చూసి ఉండాల్సింది. ఆ ఇద్దరు తాతలూ, ఒకడికొకడు నీడలా, పక్కకి చూస్తూ, ఒక్క కాలిలా. "అడుగు!" టక్. "అడుగు!" టక్. ఏడు జెండాలు. ఒక్క గోలు తినలేదు. ఎలా వచ్చిందో, చివర్లో మనకొక గోలు కూడా వచ్చింది, ఆ ఏడు మొత్తంలో మూడోదో నాలుగోదో. అల్లుడు సోఫా మీంచి ఎగిరాడు. ఇంకొకటి కావాలి. ఇంకొకటి రాలేదు. సమయం అయిపోయింది. రెండు, ఒకటి. ఓడిపోయారు.

ఫోన్లో మేస్త్రీ గొంతు మెల్లగా వచ్చింది. "తమ్ముడూ... మొదటినుంచీ ఆ ముసలాళ్ళే ఉండుంటే నేను గెలిచేవాణ్ణి కాదు." ఓదార్పనుకుని అన్నాడు. అంతకన్నా పొడిచే మాట ఇంకోటుందా?

మర్నాడు టీ గదిలో కాగితం మీద అల్లుడి పేరు కొట్టేసి డ్రైవరు పేరు రాశారు. ఆవిడ మూడు రోజులు తిట్టింది. బొమ్మకి ముడతలు గీయడం దగ్గర మొదలుపెట్టి, మాటమీద నిలబడకపోవడం దాకా. ఆయన తల వంచుకుని విన్నాడు. నాలుగోరోజు కట్టు విప్పారు. ఆవిడ సంచి సర్దుకుని వెళ్ళిపోయి, ఆ వారమే లాండ్రీలో గోడవారగా నిలబడింది. అల్లుడితో ఒక్కమాట కూడా చల్లగా అనకుండా పోయింది. అదీ మీ చిన్నమ్మమ్మ తీరు.

డ్రైవరు ఏం చేశాడో చెప్పనా? జట్టు చేతికి రాగానే మొదట ఆ నలుగుర్నీ, తాతల్నీ తీసి పారేశాడు. పులికి పచ్చజుట్టు తిరిగి పెట్టి, వాడికి తోడు ఇంకో ఇద్దరు పులుల్ని తెచ్చుకున్నాడు. ఈ సంగతి అల్లుడు షాపులో విన్నాడు. ఇంటికొచ్చి, లీగ్‌తో సంబంధం లేకుండా, తనొక్కడికే ఒక కొత్త ఆట మొదలుపెట్టాడు. అన్నిటికన్నా కింది తరగతి జట్టు, స్టేడియంలో పదిమంది కూడా ఉండరు. అందులోకి వెతికి వెతికి ఆ ఆరుగుర్నీ తెచ్చుకున్నాడు. ఆదివారం పొద్దున అత్తగారింటికి వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు.

"అత్తయ్యగారూ, మనవాళ్ళని తెచ్చేశాను."

ఆవిడ బట్టలారేస్తోంది. తిరగలేదు. "ఎవర్ని?"

"బోడిగుండు, పొడుగోడు, అందర్నీ. తాతల్ని కూడా."

"జుట్టు ఎవరిది వాళ్ళకే ఉందా?"

"ఎవరిది వాళ్ళకే ఉందండీ."

ఆవిడ చేతిలో దుప్పటి రెండో కొస అతనికేసి చాచింది. పట్టుకున్నాడు. ఎటు లాగాలో తెలియక బిక్కమొహం వేశాడు. "ఇది కూడా రాదా?" అని విసుక్కుని, చెప్పులేసుకుని, వెంట బయల్దేరింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం వెళ్ళేది. ఆ జట్టు కింది తరగతి నుంచి పైకి రావడానికి మూడేళ్ళు పట్టింది, సున్నా సున్నాలతోనే. ఆ బొమ్మలు కూడా గేమ్‌లో ముసలివాళ్ళై ఆట మానేస్తాయట. తాతలు మానేశారు, తర్వాత బోడిగుండు మానేశాడు. వాడితో పాటు పొడుగోణ్ణీ తీయించింది, అల్లుడు ఈసారి నోరెత్తలేదు. కొత్త జంటల్ని నడిపించి నడిపించి ఎంచింది. గాజు షాపు లీగ్‌లో అల్లుడికి మళ్ళీ చోటు రాలేదు. ఒకసారి ఖాళీ అయితే ఆయన్ని కాదని ఎవరినో పెట్టుకున్నారు. పెద్దమేస్త్రీ పెట్టనివ్వలేదట, ఆయన వెనకే ఆవిడా వస్తుందని. ఆ మాట విని ఇద్దరూ ఒక రోజంతా మొహాలు మాడ్చుకుని కూర్చున్నారు.

ఏడేళ్ళు అలా. అరవై నిండగానే లాండ్రీ నుంచి రిటైరయింది. ఆదివారాలు మాత్రం మానలేదు. ఒక వానాకాలం నిమ్ము చేసింది. వారం రోజులు ఆస్పత్రిలో ఉంది, అవే దుప్పట్ల మీద. చూడ్డానికి వెళ్ళినవాళ్ళతో మడత వంకరగా ఉందని గొడవ. ఎనిమిదోరోజు పోయింది. అప్పటికి ఆవిడకి అరవై నాలుగేళ్ళు.